పదిహేడో గొట్టం

తిరుమలగిరి మిషన్ ఆడపిల్లల హాస్టలు వరండాలో ఇద్దరు ఆడవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి చేతిలో కాగితం పెట్టి, కథ అక్కడ ఆపేసి, వారం రోజులుగా మనం మన పనులు చూసుకుంటున్నాం. వాళ్ళు మాత్రం అక్కడే ఉన్నారు.

కాగితం పట్టుకున్నావిడ జైతున్ బీ. కాప్రా నుంచి నడిచి వచ్చింది. ఆమె భర్త ఫకీరు ఇరవై ఏళ్ళపాటు ఈ హాస్టలుకు నల్లా మిస్త్రీ. పోయిన సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగిన వారానికి, ఎవరో ఇచ్చిన రజాకార్ల జాబితాలో ఫకీరు అనే పేరు ఉందని పట్టుకుపోయారు. ఏడు నెలలైంది. గురువారం విచారణ. పెద్దమనుషులెవరైనా మంచివాడని రాసిస్తే వదిలేస్తారని విని ఆమె వచ్చింది. ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి వార్డెన్ సలోమమ్మ. రాసిస్తానని కలం కూడా తీసింది. అప్పుడు జైతున్ బీ కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ ఈ కాగితం తీసి, "మీరు ఇదివరకే రాసిండ్రమ్మా" అంది.

కచేరీ గుమాస్తా ఒకడు దయతలచి ఫైలులోంచి దించి ఇచ్చిన నకలు అది. సలోమమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మొదటి వాక్యంలోనే తన మాట తనకు తెలిసిపోయింది. పదహారు నెలల కింద, నలభై ఏడు డిసెంబరులో, హాస్టలు కమిటీకి తాను రాసిన ఫిర్యాదు. కమిటీ కాగితాల్లోంచి అదిప్పుడు ఫకీరు ఫైలుకెక్కింది.

"ఫకీరు అను మిస్త్రీ నీళ్ళ గొట్టములకు కట్టిన పేరు బిళ్ళలను నమ్ముటకు వీలు లేదు. వంటిల్లు అని ఉన్నది తిప్పగా మేడమీద పడకగది తడిసినది. వరుసలో పదిహేడో గొట్టమునకు మందుల గది అని ఉన్నది. అది గోడలోనికి పోవును గాని మందుల గదిలోనికి రాదు. ఎక్కడికి పోవునని ఎన్నిసార్లు అడిగినను ఈ మనిషి చెప్పడు. నీళ్ళ పని చేయువాడు నీళ్ళు నమలుచున్నాడు. ఏ ఉద్దేశముతో వేసినాడో తెలియదు."

నీళ్ళు నమలడం గురించిన మాట రాసినప్పుడు ఆవిడ కాస్త మురిసిపోయింది కూడా. ఇప్పుడా మాట దగ్గర కాగితం మడిచేసింది.

ఆ కట్టడం సంగతి చెబితే గానీ ఈ గొడవ అర్థం కాదు. ఒకప్పుడది తెల్లదొరల పటాలంలో అధికారుల భోజనశాల. స్నానాలకొక గొట్టం, సోడా యంత్రానికొక గొట్టం, గుర్రాలకొక గొట్టం వేసుకున్నారు. దొరలు పోయారు, గొట్టాలు పోలేదు. తర్వాత వచ్చిన మిషన్ వాళ్ళు పాతవి పీకకుండా వాటి పక్కనే కొత్తవి వేశారు. పైపైన చూసేవాళ్ళకు పైపులన్నీ ఒకటే. ఏది బతికుందో ఏది చచ్చిందో తెలియక నల్లా తిప్పినవాళ్ళ మొహం తెల్లబడుతూ ఉండేది. ఆ గోడల కడుపులో ఏముందో తెలిసినవాడు ఫకీరు ఒక్కడే. వంటింటి వెనక వరుసగా ఉన్న వాల్వులకు అతను కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి బిళ్ళలు చేశాడు. అతను చెబుతుంటే వాటిమీద తెల్ల రంగుతో గుండ్రటి అక్షరాలు రాసింది సలోమమ్మే. ఆ బిళ్ళలే ఒకరోజు బొంకాయి. కమిటీ అతన్ని తీసేసింది.

ఇప్పుడు హాస్టల్లో పిల్లలెవరూ లేరు. రజాకార్ల గొడవల్లో పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోయిన తల్లిదండ్రులు మళ్ళీ పంపలేదు. యుద్ధం ముగిసింది, వార్ డన్ అన్నారు, మిగిలింది వార్డెన్. పోలీసు చర్యతో రాజ్యమే మారింది గానీ ఆవిడ దినచర్య మారలేదు. ఉదయం ఐదున్నరకు గంట కొట్టేది. నలభై మంచాల మధ్య నడిచి దుప్పట్లు సర్దేది. ఒక్క పళ్ళెం పెట్టుకుని, నలభై మంది వినేలా భోజన ప్రార్థన చేసి, ఆమేన్ తానే అనుకునేది.

"ఉద్దేశమంటే ఏందమ్మా?" అడిగింది జైతున్ బీ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "ఆడ సార్ గా మాట కిందనే ఎర్ర గీత గీసిండంట. ఆడపిల్లలుండే జాగల, మందుల గదికి దొంగ పైపు ఎందుకేసినవ్, అండ్లకెల్లి ఏం పంపుదామనుకున్నవని నాలుగుసార్లు అడిగిండ్రంట. ఈయన నోరిప్పడు."

"ఎందుకు విప్పడు జైతున్? ఒక్క మాటతో పోయేదానికి?"

"ఈడ మీరడిగిండ్రు. ఆడ వాళ్ళడిగిండ్రు. ఇద్దరికీ ఒక్కతీరుగనే జవాబిచ్చిండు."

సలోమమ్మ కుర్చీ చూపించింది. జైతున్ బీ మెట్టుమీదే కూర్చుంది. దాంతో సలోమమ్మ కూర్చోలేక, నిలబడలేక, స్తంభాన్ని పట్టుకుంది.

"నేను అబద్ధం రాయలేదు. ఉన్నదే రాశాను. క్రిస్మస్ ఇంకా మూడు రోజులుందనగా నలుగురు పిల్లల పరుపులు తడిసిపోయాయి. ఆ ముద్దంతా ఈ చేతులతో పిండి ఆరబెట్టాను. కోపం రాదా?"

"వస్తది. కోపం రాకుంటే మనిషే కాదు. గని ఆయన కట్టినయి సక్కగనే కట్టిండు. ఎవరిప్పిండ్రో వాళ్ళనడుగుండ్రి."

"ఎవరు విప్పుతారు? ఆడుకునే వస్తువులా అవి?"

వరండా కింద వేపాకు ఊడుస్తున్న వీరయ్య చీపురు ఆగింది. హాస్టలుకు కాపలావాడూ, తోటమాలీ, ఇప్పుడు వంటవాడూ అతనే.

"అమ్మా, జెర నేను సుత ఒక ముచ్చట చెప్పాల్నా?"

"చెప్పు."

"ఏటేటా క్రిస్మస్‌కు గోడలకు సున్నమేపిస్తరు గదా మీరు. బిళ్ళలమీద సున్నం పడొద్దు, అన్నీ ఇప్పి బేసిన్ల వెయ్యి, గ్యాసునూనె పెట్టి తుడువు, మల్ల కట్టియ్యి అని చెప్తరు."

"చెబుతాను. శుభ్రంగా ఉండాలిగా."

"ఇప్పుతం. తుడుస్తం. మల్ల కట్టిస్తం."

"కట్టేదెవరు?"

"సున్నమేసెటోళ్ళు."

"వాళ్ళకు చదువొచ్చా?"

"చదువొస్తే సున్నమెందుకేస్తరమ్మా."

సలోమమ్మ స్తంభం వదిలేసింది. "మరి ఏది దేనికి కట్టాలో ఎలా తెలుసు వాళ్ళకి?"

"తెల్వదు. చూసెతందుకు మంచిగుండాలెనని కట్టిండ్రు. పెద్ద బిళ్ళలు పెద్ద పైపులకు, చిన్నయి చిన్నయిటికి. గా పదిహేడోదానికి అసలు బిళ్ళే లేకుండె. బోడిగ కనిపిస్తదని దానికొకటి కట్టిండ్రు. మందుల గది పైపేమో నేలకు ఆనుకోనుంటది, వంగి కట్టాల్నంటె నడుము తక్లీఫ్. దాని బిళ్ళే దీనికొచ్చింది."

"ప్రతి ఏడూ ఇంతేనా?"

"ప్రతి ఏడూ గంతే. సున్నం ఆరినంక ఫకీరన్న వచ్చి, ఎవరికీ చెప్పకుంట మల్ల సరిజేస్తుండె. గా యేడు ఆయన రాకముందే మీరు వాల్వు తిప్పితిరి."

పదేళ్ళుగా తళతళలాడిన బిళ్ళలు అవి. అంత తళతళతో అబద్ధమాడటం మనుషుల్లో కూడా అరుదు. తుడవమన్నది ఎవరు? విప్పమన్నది ఎవరు? బిళ్ళబంట్రోతుల్లా వరుసకట్టి నిలబడ్డ ఆ రేకుముక్కలమీద ఉన్నది కూడా ఎవరి చేతిరాత?

"వీరయ్యా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరడగలె. కాగితం రాసిండ్రు. కాగితం రాసినంక మేం మాట్లాడొచ్చో లేదో తెల్వకపాయె."

సలోమమ్మ జైతున్ బీ పక్కనే అదే మెట్టుమీద కూర్చుంది. రోడ్డుమీద మిలటరీ లారీలు పోతున్నాయి. సలోమమ్మ అడిగింది:

"పదిహేడోది ఎక్కడికి పోతుంది జైతున్?"

"చెప్పొద్దన్నడు."

"ఎవరికి?"

"మీకే."

"నాకెందుకు చెప్పకూడదు?"

జైతున్ బీ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. "నేను చెప్తే ఆయన మాట నేను తీసేసినట్టయితది. వాల్వు ఆడనే ఉన్నది. టాంకిల నీళ్ళున్నయి. మీరే తిప్పుకోండ్రి."

వాల్వుకు ఏడేళ్ళ తుప్పు. వీరయ్య నూనె పోసి, సుత్తితో నాలుగు తట్టి, గుడ్డ చుట్టి, కాళ్ళు తన్నిపెట్టి తిప్పాడు. మొదట ఏమీ కాలేదు. తర్వాత గోడలో ఎక్కడో ముసలివాళ్ళు గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది.

సలోమమ్మ గోడకు చెవి ఆనించింది. నీళ్ళు లోపల నడుస్తున్నాయి. ఆవిడ బయట నడిచింది. సామాన్ల గది దాటింది. మందుల గది తలుపు ముందుకు రాగానే చప్పుడు దాన్ని పట్టించుకోకుండా పైకి ఎక్కింది. ఆవిడా మెట్లెక్కింది. పడకగదిలోకి వచ్చింది. నలభై మంచాలు. ప్రతి మంచం తలవైపూ గోడమీద ఒక మేకు, మేకు కింద పిల్ల పేరు. చెవి గోడకు ఆనించి పేర్ల పక్కనుంచి నడుస్తుంటే, ఇంతకాలానికి ఈ గదిలో తాను కాక ఇంకేదో కదిలిందని ఆవిడకు అనిపించింది. చప్పుడు ఆగితే ఎలా అని భయం కూడా వేసింది. ఒకచోట నిజంగానే ఆగింది. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది. గోడలో నీళ్ళు అడ్డాన్ని నెట్టుకుని మళ్ళీ బయల్దేరాయి.

పడకగది చివర తలుపు తీస్తే వచ్చేది ఆవిడ సొంత గది.

చప్పుడు ఆ గదిలోకే పోయింది. మంచం తలవైపు గోడలోంచి, పడమటి కిటికీ మీదికి.

ఆవిడ కిటికీ రెక్కలు తోసి తల బయటపెట్టింది. చూరు కింద, సున్నం పొరలు పొరలుగా పేరుకున్న సన్నటి గొట్టం అడ్డంగా ఉంది. రోజూ చూసేదే. కర్టెన్ కడ్డీ లాంటిదేదో దొరలు వేసి మరిచిపోయారనుకునేది. ఇప్పుడా సున్నం చెమర్చింది. ఒకచోట పెచ్చు రాలి, సూదిమొన అంత రంధ్రంలోంచి నీటి చుక్క పడింది. పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. బెత్తెడు దూరానికొక రంధ్రం, కిటికీ ఈ చివర నుంచి ఆ చివరకు. దాని కింద రెండు తుప్పు కొక్కేలు. ఆ కొక్కేలకు ఒకప్పుడు ఏం వేలాడేదో ఆవిడకు తెలుసు. వట్టివేళ్ళ తడిక.

ఏప్రిల్ ఎండలో ఆ చుక్కలు కిటికీ గట్టుమీద పడి వెంటనే ఆరిపోతున్నాయి.

నలభై రెండు మే నెల. సలోమమ్మకు సన్నిపాత జ్వరం, ఇరవై ఒక్క రోజులు. గది చల్లగా ఉంచకపోతే మనిషి దక్కదని డాక్టరు అన్నాడు. తడికల మీద నీళ్ళు చల్లే భిస్తీ అంతకు నెల ముందే పటాలంలో పనికి పోయాడు. ఇంకొకణ్ణి పెట్టడానికి కమిటీ ఒప్పుకోలేదు. పిల్లలు సెలవులకు వెళ్ళారు. మేడమీద ఒక్కతే. తెలివి వచ్చినప్పుడల్లా ప్రభువును ఒక్కటే అడిగేది: కొంచెం గాలి, తండ్రీ. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిస్తే తడిక తడిగా ఉంది. వడగాడ్పు తడికలోంచి వచ్చి చల్లగా మొహాన్ని తాకింది. వట్టివేళ్ళ వాసన. ఎవరూ చల్లలేదు. గదిలో ఎవరూ లేరు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

జూన్‌లో గుడిలో లేచి నిలబడి, ప్రభువే పంపిన గాలి అని ఆ సంగతి చెప్పింది. కొందరు ఏడ్చారు. సంఘం పత్రికలో అచ్చువేశారు. ప్రతి మే నెలలోనూ పాస్టరుగారు ఆవిడను లేపి మళ్ళీ చెప్పించేవారు. ఇళ్ళలో జబ్బుమనుషులుంటే "సలోమమ్మ చల్లగాలి" అని తలుచుకుని ఆవిడను ప్రార్థనకు పిలుచుకుపోయేవారు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, గుంటూరులో ఉన్న అన్న ఉత్తరం రాసి ఆరేళ్ళు. రాత్రిపూట నలభై మంచాల పక్కన నిద్ర పట్టనప్పుడు ఆవిడ కప్పుకునే దుప్పటి ఆ ఒక్క జ్ఞాపకమే. లోకంలో ఎవరికీ పట్టని తనకోసం ఒకసారి ఒకరు ప్రత్యేకంగా వచ్చారు.

వెనక జైతున్ బీ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"టాంకి నీళ్ళు పిల్లల కోసం. ఒక్కరి గదికి మళ్ళిస్తే నౌకరీ పోతదని తెల్సు ఆయనకు. దొరలిడిసిపెట్టిన పాత పైపు ముక్కలు అతికిచ్చి రెండు దినాలల్ల వేసిండు. మీరు లేసి తిరిగినంక బంద్ చేసిండు."

"నాతో ఎందుకు అనలేదు? ఐదేళ్ళు పైగా, జైతున్. రోజూ కింద వరండాలో కనబడేవాడు. రోజూ ఏదో ఒకటి తిట్టేదాన్ని."

"చెప్దామనే వచ్చిండమ్మా, గా ఆదివారం. మీ గుడి బయట నిలబడ్డడు. లోపల మీరు మాట్లాడుతుంటే ఇన్నడు. ఇంటికొచ్చి నాతోని ఏమన్నడంటే, అమ్మ అల్లాకు శుక్రియా చెప్పుకుంటున్నది, నడుమల నా పైపెందుకు, అన్నడు. ఇగ ఎవరికీ చెప్పకు అన్నడు."

సలోమమ్మ చేయి చాచి ఆ చుక్కలకింద పెట్టింది. ఎండకు కాగిన గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు, వెచ్చగా ఉన్నాయి.

బుధవారమంతా రాసింది. మొదట రాసినదాంట్లో ఫకీరు మంచివాడనీ, బిళ్ళలు మారిపోవడం తన పొరపాటేననీ ఉంది. పదిహేడో గొట్టం మాట లేదు. అది చాలదని తెలిసి చింపేసింది. ఎర్ర గీత పడ్డ ఉద్దేశమన్న మాట ఆ గొట్టం గురించే. రెండోది రాసేటప్పుడు ఒక వాక్యం దగ్గర కలం ఆగి, మధ్యాహ్నం నుంచి నాలుగు గంటలదాకా కదల్లేదు. ఆ వాక్యం ఫైలుకెక్కితే గుడికి తెలియకపోదు. వచ్చే నెల పాస్టరుగారు తనవైపు చూస్తే లేచి ఏం చెప్పాలి? దుప్పటి లాగేస్తే పడుకోవచ్చేమో గానీ, లాగేది తన చెయ్యే కావడం కష్టం. నాలుగు దాటాక రాసింది: "1942 మే నెలలో నా గదికి కలిగిన చల్లదనము ఫకీరు వేసిన గొట్టమువలన కలిగినది. దానిని నేను వేరుగా చెప్పియున్నాను. తెలియక చెప్పితిని." కింద సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలే. ఈసారి తళతళ లేదు.

గురువారం పది గంటలకు బేగంపేట వైపు ఒక ఖాళీ బంగళాలో కచేరీ. జైతున్ బీని బయట వేపచెట్టు కింద ఆపేశారు. సలోమమ్మను లోపలికి పిలిచారు. అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చిన తెలుగాయన, నడివయసు, నిద్రలేని కళ్ళు. రెండు ఉత్తరాలూ బల్లమీద పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఇది మీరే రాశారా అమ్మా?"

"రెండూ నేనే రాశానండి. మొదటిది తెలియక. రెండోది తెలిసి."

"గొట్టం మీ కిటికీ దగ్గర తేలిందంటారు. మందుల గదికీ దానికీ సంబంధం లేదంటారు."

"కావాలంటే వచ్చి చూడండి. నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి."

ఆయన మొహంలో ఏదో కాస్త సడలింది. "ఇంతేనా సంగతి? ఈ మాట ఆ మనిషి ఏడు నెలల్లో ఒక్కసారైనా అని ఉంటే నేనే పంపించేసేవాణ్ణి. సరే, వాడు కూడా ఔనంటే ఈ పూటే కాగితం ఇచ్చేస్తాను." గుమాస్తాకు సైగ చేశాడు.

ఫకీరును తీసుకొచ్చారు. గడ్డం సగం తెల్లబడింది. చొక్కా భుజాలమీంచి జారుతోంది. సలోమమ్మను చూసి అలవాటు కొద్దీ రెండు చేతులూ ముందుకు కట్టుకున్నాడు, వాల్వు ఎందుకు కారుతోందని అడిగితే నిలబడినట్టే.

"ఫకీరూ," అంది ఆవిడ, "అంతా రాసిచ్చాను. నాకు తెలిసింది. ఇంక దాచకు."

అధికారి రెండో ఉత్తరంలోని ఆ వాక్యాన్ని పైకి చదివాడు. ఒక్కొక్క మాటా నిదానంగా. గుమాస్తా తల ఎత్తి ఆవిడను చూశాడు. గుమ్మం దగ్గరి జవాను కూడా చూశాడు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి గానీ తల వంచలేదు. ఫకీరు వాళ్ళిద్దరి చూపులూ చూశాడు, ఆవిడ చెవులు చూశాడు, తర్వాత నేలకేసి చూశాడు.

"విన్నావుగా? ఆ గొట్టం నువ్వే వేశావు. ఔనా?"

"లేదు సార్."

"ఏమిటీ?"

"నేను గసొంటి పైపేం వెయ్యలే. అమ్మగారికప్పుడు జ్వరముండె. వాళ్ళు గుడిల చెప్పిందే నిజం. నామీద మెహర్బానీతోని ఇట్ల రాసిండ్రు. గా కాగితం చింపేయుండ్రి సార్."

"ఫకీరూ," అంది సలోమమ్మ.

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. రెండో ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టాడు. ఎర్ర గీత ఉన్న మొదటి ఉత్తరాన్ని మళ్ళీ ముందుకు లాక్కుని, గుమాస్తాను తెల్ల కాగితం తీయమన్నాడు.

"గోడలో గొట్టం ఉందని ఈవిడ ఒప్పుకున్నారు. నువ్వు వేయలేదంటున్నావు. అంటే హాస్టల్లో దొంగచాటుగా తిరిగినవాడు ఇంకొకడున్నాడన్నమాట." కలం సిరాలో ముంచాడు. "ఆ రెండోవాడి పేరు చెప్పు."